అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు

పాత కంప్యూటర్ ఒకటి కోట్లు పలికిందన్న వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అది చూసిన మరుక్షణం ఎవరి చూపైనా అటక మీదికే పోతుంది. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు లాంటి ఊళ్లలో ఒకప్పుడు కళకళలాడిన ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు చాలావరకు మూతపడ్డాయి. వాటి డబ్బా మానిటర్లు, పసుపెక్కిన సీపీయూలు ఇంకా ఎవరో ఒకరి ఇంట్లో మూలన దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. "మనది కూడా అంతో ఇంతో పలుకుతుందేమో" అనిపించడంలో తప్పేమీ లేదు. అలా అనిపించాక మీరు వేసే తర్వాతి అడుగు ఏమిటన్నదే నేను మాట్లాడాలనుకుంటున్న సంగతి.

ఆ వీడియోలో అంకె నిజమే అయి ఉండొచ్చు. 2014 అక్టోబరులో న్యూయార్క్‌లో బోన్‌హామ్స్ సంస్థ వేసిన వేలంలో ఆపిల్-1 కంప్యూటర్‌ని అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకు పాడుకుంది. అప్పటి మారకం లెక్కన అయిదున్నర కోట్ల రూపాయలు. అయితే దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసుకోవాలి. 1976లో స్టీవ్ వోజ్నియాక్ దానికి రూపకల్పన చేశాడు. మొత్తం తయారైనవి 200 దాకా. అప్పటి ధర 666.66 డాలర్లు. కొన్నవాళ్లకు దక్కింది ఒట్టి సర్క్యూట్ బోర్డే. పెట్టె, కీబోర్డ్, తెర ఎవరికి వారు తెచ్చుకోవాల్సిందే. ఆ 200లోనూ మిగిలినవి కొన్ని, వాటిలో పనిచేసేవి ఇంకా కొన్ని. అలాంటి వస్తువు కోసం మ్యూజియాలు, కోటీశ్వరులు పోటీ పడ్డారు కాబట్టి ఆ ధర వచ్చింది. మీ అటక మీది పెంటియం లాంటివి ప్రపంచంలో కోట్లాదిగా తయారయ్యాయి. రెండూ పాత కంప్యూటర్లే అయినంత మాత్రాన రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

మరి ఓఎల్ఎక్స్‌లో అదే పెంటియంకి ఒకాయన యాభై వేలు పెట్టాడేం? అడగడానికి ఖర్చు లేదు కాబట్టి పెట్టాడు. ఈ ఒక్క ముక్క ఒంటబట్టించుకుంటే సగం మోసాలు మీ గుమ్మం తొక్కవు. ప్రకటనలో కనిపించేది అమ్మేవాడి కోరిక. కొన్నవాడు చివరికి ఎంత లెక్కపెట్టి ఇచ్చాడన్నదే ధర. బయటి దేశాల్లో ఈబే లాంటి చోట్ల అమ్ముడైన వస్తువుల్ని విడిగా చూసుకునే వీలుంది. అదే యంత్రం అడిగింది ఎంతకో, పోయింది ఎంతకో అక్కడ తెలుస్తుంది. మన దేశంలో జరిగే బేరాలకి ఆ సదుపాయం లేదు. ఈబే ఇండియా 2018లోనే మూతపడింది. ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ గ్రూపుల్లోనో బేరం ఫోన్లో తెగుతుంది, ప్రకటన మాయమవుతుంది, ఎంతకు తెగిందో మూడో మనిషికి తెలియదు. తర్వాత అమ్మేవాడు పాత ప్రకటనలోని అంకె చూసి, దానికింకో వెయ్యి కలిపి తనది పెడతాడు. ఒక్క వస్తువూ చేతులు మారకుండానే ధర పెరిగిపోయిందన్న భ్రమ అలా తయారవుతుంది.

దీనికి విరుగుడు ఒక నోటు పుస్తకం. మీకు మనసైన యంత్రం ఏదైనా సరే, కొనేముందు ఒక నెల దాని ప్రకటనలు చూసి రాసుకోండి. ఏ తేదీన ఎంత పెట్టాడు, ఎన్నాళ్లు ఉంది, ఎప్పుడు తగ్గించాడు, ఫోన్ చేస్తే ఆఖరి మాటగా ఎంత అన్నాడు. యాభై వేల ప్రకటన మూడు వారాల తర్వాత కూడా అక్కడే వేలాడుతుంటే ఆ అంకెకి విలువ లేదని మీకే అర్థమవుతుంది. ఆ పుస్తకంలో మొదటి పేజీ మీద మీరు పెట్టగలిగింది ఎంతో ముందే రాసుకోండి. ఉత్సాహంలో ఉన్నప్పుడు మనసు చెప్పే లెక్క కంటే నిమ్మళంగా ఉన్నప్పుడు చెయ్యి రాసిన లెక్క నమ్మదగ్గది.

యర్రగొండపాలెంలో ఉండి కొనేవాడికి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. సికింద్రాబాద్‌లో ఉన్నవాడు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, నాలుగు షాపులు తిరిగి, వస్తువుని చేత్తో పట్టుకుని, ఆన్ చేయించి, నచ్చకపోతే అక్కడే వదిలేసి రాగలడు. మనకు వచ్చేవి ఫొటోలు. ఆ తర్వాత కొరియర్‌లోనో, ఆర్టీసీ కార్గోలోనో ఒక అట్టపెట్టె. అది విప్పేసరికి డబ్బులు అవతలి ఖాతాలో పడిపోయి ఉంటాయి. కాబట్టి మన చేతిలో ఉన్న పనిముట్టు ప్రశ్న అడగడం ఒక్కటే. మన పిల్లల్లో చాలామందికి ఆ అడగడమే మొహమాటం. "ఎక్కువ అడిగితే ఏమనుకుంటాడో, వేరే వాళ్లకి ఇచ్చేస్తాడేమో" అని నోరు నొక్కుకుంటారు. ఆ బేరం మామూలుగా ఎలా సాగుతుందో, ఎలా సాగాలో చూడండి.

"అన్నా, పైమూత తీసి, బోర్డు మీద చిప్పులు కనపడేటట్టు దగ్గర్నుంచి ఒక ఫొటో పెడతావా?"

"తమ్ముడూ, పీస్ సూపర్ కండిషన్. ఇంకొకాయన అడ్వాన్స్ వేస్తానంటున్నాడు. నువ్వు ఇప్పుడే రెండు వేలు కొడితే నీకే పక్కన పెడతా."

"వేస్తానంటే ఆయనకే ఇచ్చెయ్ అన్నా. ఆయన తీసుకోకపోతే ఫొటో పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం."

ఈ మూడో మాట అనగలగడం అభ్యాసం మీద వస్తుంది. అందులో దురుసు లేదు, బతిమాలడం లేదు. నిజమైన అమ్మకందారుడైతే సాయంత్రానికి ఫొటో పంపుతాడు. తను శుభ్రంగా దాచుకున్న యంత్రం గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే సంతోషించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాడు. ఫొటో అడిగినందుకు కసురుకునేవాడి దగ్గర మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఆ ఫొటో వచ్చాక దాన్ని చదవడం నేర్చుకోవాలి. ఇది నేర్చుకోదగ్గ విద్య, పైసా ఖర్చు లేనిది. నల్లటి చిప్ మీద రెండు మూడు వరసల్లో అక్షరాలు అచ్చై ఉంటాయి. ఒక వరస దాని రకం చెబుతుంది. ఇంకో వరసలో చాలావాటికి నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 7625 అని ఉంటే ఆ చిప్ 1976లో 25వ వారం తయారైందని. 8347 అంటే 1983లో 47వ వారం. ఇప్పుడు అమ్మేవాడు "ఇది 1982 నాటి మొట్టమొదటి బ్యాచ్ కమోడోర్ 64 కంప్యూటర్" అంటున్నాడు, చిప్పుల మీద 86తో మొదలయ్యే సంఖ్యలు కనిపిస్తున్నాయి అనుకోండి. అబద్ధమైనా చెబుతుండాలి, మధ్యలో మరమ్మతైనా జరిగి ఉండాలి. మరమ్మతైతే తప్పు లేదు, ధర తగ్గాలంతే. మరమ్మతు జరిగిందా అని మర్యాదగా అడగండి. అలాగే సోల్డరింగ్ చూడండి. నలభై ఏళ్ల బోర్డు మీద కొన్నిచోట్ల మాత్రం టంకం తళతళలాడుతుంటే అక్కడ ఈమధ్య ఎవరో చెయ్యి పెట్టారు. పెట్టె మీద స్క్రూల గాట్లు అరిగి ఉన్నాయా, లోపల మూలల్లో దుమ్ము ఉందా, లేబుల్ అంచులు సహజంగా పాతబడ్డాయా అన్నవి కూడా చాలా చెబుతాయి.

సంఖ్య ఒక్కటే చూసి నమ్మేయకూడదు. ఆ కాలం నాటి చిప్పులే వెతికి తెచ్చి కొత్త బోర్డు మీద బిగించేవాళ్లున్నారు. ఆపిల్-1 విషయంలో ఇది బాగా జరిగింది. రెప్లికా 1, మిమియో లాంటి పేర్లతో ఔత్సాహికులు దాని నమూనాలు తయారుచేశారు. వాళ్లు దాచిపెట్టి చెయ్యలేదు. "ఇది నమూనా, నేర్చుకోవడానికి" అని చెప్పే అమ్మారు. కోట్లు పెట్టలేని విద్యార్థి ఆ యంత్రం ఎలా నడిచేదో చేత్తో చేసి తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. వాళ్ల పట్ల నాకు గౌరవమే. కమోడోర్ 64కి కొత్త పెట్టెలు, కొత్త కీలు ఇప్పుడూ తయారవుతున్నాయి. వాటివల్ల పాత బోర్డులకు మళ్లీ ప్రాణం వస్తోంది. నమూనా నకిలీగా మారేది ఒకే ఒక్క చోట, మూడో చేతికో నాలుగో చేతికో మారేటప్పుడు "ఇది కొత్తగా చేసింది" అన్న మాట ఎవరో మింగేసినప్పుడు. అందుకే అసలైన ఆపిల్-1లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఔత్సాహికులే ఒక పట్టీ రాసి నిర్వహిస్తున్నారు. ఏ బోర్డు ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వెళ్లిందన్న చరిత్ర చిప్ మీది సంఖ్య కంటే బలమైన సాక్ష్యం.

మన దేశంలో ఈ కథ కంప్యూటర్ల కంటే ముందే గ్రామఫోన్ల విషయంలో జరిగింది. తళతళలాడే ఇత్తడి బూరా, కొత్త చెక్కపెట్టె, దాని మీద హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ అతికించి "వందేళ్ల నాటిది" అని పర్యాటకులకి అంటగట్టడం పెద్ద వ్యాపారమే అయ్యింది. హెచ్‌ఎంటీ గడియారాలదీ అదే దారి. మన పెళ్లిళ్లలో అల్లుడికి పెట్టిన ఆ చేతి గడియారాల ఫ్యాక్టరీలు మూతపడ్డాక మోజు పెరిగింది. మోజు వెంటే రంగు వేసిన కొత్త డయల్‌ని పాత యంత్రానికి బిగించి "వాడనిది, ప్యాక్ విప్పనిది" అని అమ్మేవాళ్లూ వచ్చారు. వస్తువు మారుతుంది, చెప్పే మాట మాత్రం అదే.

మార్కాపురం చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఈ పరీక్ష కొత్తేం కాదు. ఒకప్పుడు దేశంలో ఎంతోమంది పిల్లలు దిద్దింది మన రాతి పలకల మీదే. ఆ పలక కొనేటప్పుడు పెద్దవాళ్లు దాన్ని ఒక మూల పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాళ్లు. ఖంగుమంటే నిఖార్సైంది, బొంగురుగా మోగితే లోపల పగులుంది. చెక్క చట్రం ఎంత నున్నగా ఉన్నా, రంగు ఎంత బాగున్నా కొట్టి చూడకుండా కొనేవాళ్లు కాదు. పాత కంప్యూటర్ విషయంలో "ఆన్ చేసి వీడియో పెట్టు" అని అడగడం ఆ కణుపు దెబ్బే. పెట్టే వీడియోలో ఆ రోజు వార్తాపత్రిక పక్కన ఉండేటట్టు, మీరు చెప్పిన రెండు ముక్కలు కీబోర్డు మీద కొట్టి చూపించేటట్టు అడగండి. ఇంటర్నెట్‌లో ఎవరిదో పాత వీడియో ఎత్తి పంపేవాడు అక్కడే దొరికిపోతాడు.

ఇక "అరుదైనది" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనల్ని ఎక్కువగా పడగొట్టేది అదే. కమోడోర్ 64 కోటికి పైగా అమ్ముడైన యంత్రం. దాన్ని పట్టుకుని అరుదైనది అంటే మన ఊళ్లో అరుదు అని మాత్రమే అర్థం. ఇటు చూడండి. 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనం ఈసీఐఎల్ అని పిలుచుకునే సంస్థ, మొదలైంది. దాన్ని నిలబెట్టినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969లో వెలుగు చూసింది. దాని వెంట ఈసీఐఎల్ నుంచి టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఇవి మన దేశంలో మనవాళ్లు తొలినాళ్లలో చేసిన కంప్యూటర్లు. కమోడోర్‌తో పోలిస్తే ఇవి ఎన్నో రెట్లు అరుదు. అయినా వీటికోసం వేలంపాటల్లో కొట్టుకునేవాళ్లు కనపడరు. అంటే ధరని తేల్చేది అరుదుతనం ఒక్కటే కాదు, ఎంతమందికి అది కావాలన్న తహతహ ఉందన్నది కూడా. ఆ తహతహ చాలాసార్లు చిన్నప్పటి జ్ఞాపకాల్లోంచి పుడుతుంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పెరిగిన పిల్లవాడికి కమోడోర్ మీద ఉండే మమకారం మన పిల్లలకి తొంభైల్లో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ మీద ఉంటుంది. ఆ క్యాసెట్ మీద "9999 ఆటలు" అని ఉండేది, లోపల పదో ఇరవయ్యో ఆటలే మళ్లీ మళ్లీ తిరిగేవి. అది కాపీ సరుకని తెలిసినా దాని మీద ప్రేమ తగ్గదు, తగ్గక్కర్లేదు. ప్రేమకి డబ్బు పెట్టండి, కానీ ఎంత పెడుతున్నారో తెలిసి పెట్టండి. "పెట్టుబడి" అని పేరు పెట్టి మాత్రం కొనకండి.

పెట్టుబడి అన్న మాట వినగానే మనకి ఈము పక్షులు గుర్తుకు రావాలి. 2010 ప్రాంతాల్లో రెండు తెలుగు ప్రాంతాల్లోనూ ఊరూరా ఈము ఫారాలు వెలిశాయి. మాంసం, నూనె, ఈకలు అన్నీ బంగారమే అన్నారు. నిజానికి డబ్బు వచ్చింది కొత్తగా దిగే రైతుకి పిల్లల్ని, జతల్ని అమ్మడం వల్ల. కొత్త రైతు దొరకని రోజున ఆ ధర నిలబడటానికి చోటే లేకపోయింది. మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసినవాళ్లు ఎందరో. ఒక వస్తువుని కొన్నవాళ్లంతా దాన్ని ఇంకొకడికి అమ్మాలనే చూస్తుంటే, వాడుకునేవాడూ దాచుకునేవాడూ ఒక్కడూ లేకపోతే, అక్కడి నుంచి వెనక్కి తిరగండి.

పూర్తిగా దొంగ వ్యవహారాల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రైస్ పుల్లింగ్ చెంబులు, రెండు తలల పాములు, పాత అయిదు రూపాయల నాణేనికి లక్షలు, అన్నీ మనం చూసినవే. రిజర్వ్ బ్యాంకు పేరు, ముద్ర వాడి పాత నోట్లు, నాణేలు కొంటామంటూ కమీషన్, పన్ను అడిగేవాళ్లని నమ్మొద్దని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. మీ వస్తువు కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఫీజు అనో, జీఎస్టీ అనో మీ దగ్గర్నుంచే ముందు అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసేకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

మోసగాడి కంటే మనల్ని ఎక్కువ కాలం పట్టి ఉంచేది ఇంకోటుంది. ఎక్కువ పెట్టి కొన్నామని తెలిశాక ఒప్పుకోలేకపోవడం. ఇరవై వేలు పెట్టిన యంత్రం అయిదు వేలదని తేలితే, దాన్ని సమర్థించుకోవడానికి ఇంకో పది వేలు పెట్టి "సెట్ పూర్తి చేస్తే రేటు వస్తుంది" అనుకుంటారు. చుట్టుపక్కల వాళ్లకి పెద్ద ధర చెప్పి, ఆ అబద్ధానికి తామే కాపలా కాస్తారు. ఇంకొందరు అదే ధరకి మరో కుర్రాడికి అంటగడతారు. ఇక్కడ మనిషి గట్టితనం తేలుతుంది. "ఎక్కువ పెట్టాను, ఇంతటితో ఆపుతున్నాను" అని ఇంట్లోవాళ్ల ముందు అనగలిగితే ఆ నష్టం అక్కడితో సరి. మీ నోటు పుస్తకంలో ఆ ధర కూడా దాచకుండా రాయండి. తర్వాతి బేరంలో మీకు అండగా ఉండేది ఆ రాతే.

ఇప్పుడు ఇంట్లో ఉన్నదాని సంగతి. 286, 386, 486 కాలపు బోర్డు అయితే ముందు మూత తీసి, బోర్డు మీద నీలం రంగు ప్లాస్టిక్ చుట్టిన చిన్న బ్యాటరీ ఉందేమో చూడండి. అది కారి, చుట్టూ పచ్చగా చిలుము పట్టి, సన్నటి రాగి గీతల్ని తినేస్తుంటుంది. దాన్ని జాగ్రత్తగా తీయించేసి, ఆ చోట నిమ్మరసమో వెనిగరో దూదితో అద్ది శుభ్రం చేసి, మంచి నీటితో తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఈ ఒక్క పనికే బోర్డు ఆయుష్షు పెరుగుతుంది. డబ్బా మానిటర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్లగ్ తీసేసినా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు, టీవీ మెకానిక్‌కే వదలండి. బంగారం కోసం బోర్డులు కాల్చే పని అసలే వద్దు. వచ్చేది పిసరంత బంగారం, పీల్చేది విషం. పసుపెక్కిన పెట్టెని హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఉంది. చేస్తే చేయండి, అమ్మేటప్పుడు చేశానని చెప్పండి.

అమ్మే రోజు వస్తే ప్రకటన ఇలా రాయండి: "486 కంప్యూటర్. ఆన్ అవుతుంది, వీడియో ఉంది. హార్డ్ డిస్క్ పనిచేయదు. బ్యాటరీ కారితే శుభ్రం చేశాను, ఫొటో చూడండి. కీబోర్డ్ ఒరిజినల్ కాదు. వచ్చి చూసుకుని తీసుకెళ్లండి." లోపాలు ముందే చెప్పినవాడికి ఫోన్లు తక్కువ రావొచ్చు. వచ్చిన ఫోన్లు నిజంగా కావాల్సినవాళ్లవి. యర్రగొండపాలెం నుంచి సరుకు పంపితే చెప్పినట్టే ఉంటుందన్న పేరు పది మంది సేకర్తల్లో పడితే, ఆ తర్వాత మీరు ధర కోసం గొంతు చించుకోనక్కర్లేదు.

ఒకవేళ మీ ఊరి పాత స్కూల్లోనో, రిటైరైన మాస్టారి ఇంట్లోనో ఈసీఐఎల్ అన్న బిళ్ల ఉన్న పెట్టె కనపడినా, 1984లో కేంద్రం స్కూళ్లలో మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో లాంటిది కనపడినా, అమ్మకం మాట ఆ రోజుకి పక్కన పెట్టండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. సీరియల్ నంబరు రాసుకోండి. దాని మీద ఎవరు పాఠం చెప్పారు, ఎన్నేళ్లు నడిచింది, ఎందుకు మూలన పడిందన్నవి ఆ మాస్టారి నోటే ఫోన్లో రికార్డు చేసుకోండి. మాన్యువల్ దొరికితే ప్రతి పేజీ స్కాన్ చేయండి, మీ వీధిలో జిరాక్స్ షాపుంది. ధర గురించి మాట్లాడుకోవడానికి తర్వాత బోలెడు టైముంటుంది.